రాకెట్ నిలబడి ఉంటుంది, లోకం కదులుతుంది: కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ లోపలి లెక్క

13,599,840,256. రాకెట్లు కట్టి అంతరిక్షంలోకి పంపే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ గేమ్‌లో, ఆట మొదలయ్యే కెర్బిన్ గ్రహానికీ దాని సూర్యుడికీ మధ్య దూరం ఇది, మీటర్లలో. చివర ఆ 256 ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. ఇంత పెద్ద దూరానికి ఎవరైనా 13,599,840,000 అని గుండ్రంగా పెట్టుకుంటారు కదా. ఆ గుండ్రటి సంఖ్యను కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచుకునే 32 బిట్ల ఫ్లోట్ అనే అరలో పెట్టి మళ్లీ చదివి చూడండి. సరిగ్గా 13,599,840,256 వస్తుంది. ఆ స్థాయి సంఖ్యల్లో ఫ్లోట్‌కు 1,024 గుణిజాలు తప్ప మరేవీ తెలియవు. మనం ఏది ఇచ్చినా దగ్గర్లో ఉన్న గుణిజానికి సర్దేస్తుంది. ఆ గేమ్ రాసినవాళ్లు ఏళ్ల తరబడి దేనితో కుస్తీ పట్టారో ఆ మూడంకెల తోకలోనే కనబడుతుంది.

ఈ గేమ్ పుట్టింది మెక్సికో సిటీలో. స్క్వాడ్ అనే సంస్థ చేసేది మార్కెటింగ్ పని, గేమ్‌లు కాదు. అక్కడ పనిచేస్తున్న ఫెలీపె ఫలాంగీ 2011 జనవరిలో దీన్ని మొదలుపెట్టారు. ఆ ఏడాది జూన్ 24న 0.7.3 వెర్షన్ జనంలోకి వచ్చింది. 1.0 వెర్షన్ వచ్చేసరికి 2015 ఏప్రిల్ 27 అయింది. గేమ్ అడుగున ఉండి బొమ్మలు గీసి, కదలికలు నడిపే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు. దాన్ని సొంతంగా రాసుకునేంత మనుషులూ లేరు, డబ్బూ లేదు కాబట్టి యూనిటీ అనే రెడీమేడ్ ఇంజిన్ తీసుకున్నారు, సీ షార్ప్‌లో కోడ్ రాశారు. యూనిటీ అప్పట్లో గదులు, వీధులు, మహా అయితే కొన్ని కిలోమీటర్ల మైదానం ఉండే గేమ్‌ల కోసం తయారైన సరుకు. అందులో ఒక వస్తువు ఎక్కడుందో చెప్పేవి మూడు ఫ్లోట్లు, అంతే. దాని మీద ఒక సౌర కుటుంబాన్నే నిలబెట్టాలి.

గేమ్ ఆడినవాళ్లు మెచ్చుకునేది రాకెట్లను, వాటిని నడిపే కెర్బల్‌లనే ఆకుపచ్చ బుల్లి మనుషులను. కోడ్ వైపు నుంచి చూస్తే మెచ్చుకోవాల్సింది వేరే ఉంది. ఏ లెక్క చేయాలి, ఏది మానేయాలి, మానేసిన చోట అతుకు కనబడకుండా ఎలా కుట్టాలి అన్న నిర్ణయాలవి. గేమ్‌లో ఎక్కడ ఏ వింత కనబడినా దాని కింద ఇలాంటి ఒక అతుకు ఉంటుంది. అతుకు తెలిస్తే వింత అర్థమవుతుంది, తప్పించుకునే దారి కూడా దొరుకుతుంది.

సున్నా ఎక్కడ పెట్టాలి

ఫ్లోట్‌లో సంఖ్య విలువకు దొరికేవి 24 ద్వియాంశ స్థానాలు. మన దశాంశాల్లో సుమారు ఏడంకెలు. సంఖ్య చిన్నదైతే ఆ ఏడంకెలు మిల్లీమీటర్లను కూడా పట్టుకుంటాయి. పెద్దదైతే ముందున్న అంకెలకే సరిపోయి, వెనకవి రాలిపోతాయి. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లు. గ్రహ కేంద్రాన్ని సున్నాగా పెట్టుకుంటే నేల మీద ఉన్న వస్తువును 6.25 సెంటీమీటర్ల గళ్లలోనే నిలబెట్టగలం. దాని చందమామ మున్ 12,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ గడి ఒక మీటరు. సూర్యుణ్ణి సున్నాగా పెట్టుకుంటే ఇందాక చెప్పిన 1,024 మీటర్లు. రాకెట్ ముక్కూ తోకా ఒకే చోట ఉండాలి, లేదంటే కిలోమీటరు ఎడంగా ఉండాలి.

ఆరు సెంటీమీటర్లంటే ఏం పోయిందిలే అనుకోవడానికి లేదు. గేమ్‌లో మామూలు ఇంధన ట్యాంకు వెడల్పు 1.25 మీటర్లు. రెండు ట్యాంకుల మధ్య అతుకు ఆరు సెంటీమీటర్లు జరిగిందంటే, బలాలను, కదలికలను లెక్కకట్టే ఫిజిక్స్ ఇంజిన్‌కు అది సాగదీసిన స్ప్రింగ్‌లా కనిపిస్తుంది. వెంటనే గట్టిగా వెనక్కి లాగుతుంది. తర్వాతి అడుగులో, అంటే లెక్క తర్వాతి విడతలో, గుండ్రపరచడం మరో వైపు జరిగితే అటు లాగుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగితే రాకెట్ ముక్కలవుతుంది.

అన్నిటినీ 64 బిట్ల డబుల్‌లో పెడితే పోలేదా? కెర్బిన్, సూర్యుల మధ్య దూరంలో కూడా డబుల్ గడి రెండు మైక్రాన్ల లోపే. కానీ యూనిటీ లోపలి ఫిజిక్స్ ఫ్లోట్‌లోనే నడుస్తుంది, బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చేదీ ఫ్లోటే. ఆ ఇంజిన్ గుట్టు విప్పి మార్చే వీలు వాళ్లకు లేదు. అందుకని రెండు చిట్టాలు పెట్టుకున్నారు. గ్రహాలు, కక్ష్యలు, నౌకల అసలు స్థానాలు డబుల్ చిట్టాలో ఉంటాయి. దాని కోసం మూడు డబుల్‌ల వెక్టర్ తరగతిని సొంతంగా రాసుకున్నారు. ఫిజిక్స్‌కూ తెరకూ ఇచ్చేది రెండోదైన ఫ్లోట్ చిట్టా. అందులో సున్నా ఎప్పుడూ ఆటగాడి నౌక దగ్గర్లోనే ఉంటుంది. నౌక సున్నా నుంచి ఒక హద్దు దాటి దూరం జరిగిందంటే, ఆ దూరాన్ని లోకంలో ఉన్న ప్రతి దాని స్థానం నుంచీ తీసేస్తారు. నౌక మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది, మిగతాదంతా వెనక్కి జరుగుతుంది. దీన్నే ఫ్లోటింగ్ ఆరిజిన్ అంటారు.

చెప్పడానికి ఇది ఒక తీసివేతే. కష్టమంతా "ప్రతి దాని" అన్న మాటలో ఉంది. నౌక భాగాలు, పక్కన తేలుతున్న శకలాలు, నేల పలకలు, కెమెరా, దీపాలు, ఇంజిన్ వదిలిన పొగలో ఒక్కో రేణువు, ఆటగాడు పెట్టిన గుర్తులు, అన్నీ ఒకే క్షణంలో జరగాలి. ఒక్కటి మరిచిపోతే అది అక్కడే ఉండిపోయి ఒక్క ఫ్రేములో మాయమైనట్టు కనబడుతుంది. పొగ తోక అకస్మాత్తుగా తెగి పక్కకు దూకిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ఈ గేమ్‌కు మోడ్‌లు, అంటే బయటివాళ్లు చేసే చేర్పులు, రాసేవాళ్లు మొదట నేర్చుకునే పాఠం కూడా ఇదే: లోకంలో కొత్త వస్తువును పెడితే సున్నా జరిగినప్పుడు దాన్నీ జరిపే బాధ్యత మనదే.

స్థానం సంగతి తేలాక వేగం సంగతి మిగిలింది. కెర్బిన్‌తో పాటు సూర్యుడి చుట్టూ తిరిగే నౌక వేగం సెకనుకు 9,285 మీటర్లు. ఫిజిక్స్ సెకనుకు 50 అడుగులు వేస్తుంది, అంటే అడుగు 0.02 సెకన్లు. ఒక్క అడుగులో నౌక 186 మీటర్లు దూకుతుంది. ప్రతి భాగమూ ఈ పెద్ద వేగాన్ని తన ఫ్లోట్‌లో మోసుకుంటూ విడివిడిగా దూకుతుంది. ఆ వేగం దగ్గర ఫ్లోట్ గడి సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు. రెండు పక్క భాగాల వేగాల తేడా కావాలంటే రెండు పెద్ద సంఖ్యలను తీసివేసి ఆ సన్నని తేడాను పట్టుకోవాలి. అందులో సగం రాలిన అంకెల చెత్తే ఉంటుంది. స్ప్రింగులు ఆ చెత్తను నిజం అనుకుని లాగుతాయి. నౌక ఏ కారణం లేకుండా వణికి, మెలితిరిగి చెదిరిపోతుంది. దీనికి ఆటగాళ్లు డీప్ స్పేస్ క్రాకెన్ అని సముద్ర రాకాసి పేరు పెట్టారు.

దానికి విరుగుడుగా రాసిన కోడ్‌కు క్రాకెన్స్‌బేన్ అని పేరు. ఫలాంగీ 2013లో యూనిటీ డెవలపర్ల సభ యునైట్‌లో ఈ గేమ్ లోపలి పనితీరును వివరించారు. సున్నాకు చేసిన పనినే వేగానికీ చేశారు. నౌక వేగం పెరిగాక దాన్ని అన్ని భాగాల నుంచీ తీసేసి, లోకానికి ఎదురు దిశలో ఇచ్చేస్తారు. ఫిజిక్స్ ఇంజిన్ దృష్టిలో నౌక దాదాపు నిశ్చలంగా ఉంటుంది, భాగాల మధ్య చిన్న చిన్న వేగాలే మిగులుతాయి. ఫ్లోట్‌లోని ఏడంకెలూ ఆ చిన్న తేడాలకే వాడుకోవచ్చు. గ్రహాంతర ప్రయాణంలో తెర మీద నౌక దూసుకుపోతున్నట్టు కనబడుతున్నప్పుడు లోపల జరిగేది ఇది: నౌక నిలబడి ఉంది, సూర్యుడితో సహా సమస్తం వెనక్కి పోతోంది.

నేలకు దగ్గరైనప్పుడు ఇంకో మలుపు ఉంది. కెర్బిన్ తన చుట్టూ తాను ఆరు గంటల్లోపే తిరుగుతుంది, భూమధ్యరేఖ దగ్గర నేల వేగం సెకనుకు 175 మీటర్లు. కొండలు, రన్‌వే, భవనాలు అన్నీ ఢీకొనే గట్టి వస్తువులు. వాటిని ప్రతి అడుగులో తిప్పితే ఫిజిక్స్ ఇంజిన్ ఊపిరాడక చస్తుంది. అందుకని కెర్బిన్ మీద 100 కిలోమీటర్ల ఎత్తుకు దిగాక గ్రహాన్ని ఆపేసి ఆకాశాన్ని తిప్పుతారు. నౌక తిరిగే చట్రంలోకి వచ్చింది కాబట్టి అపకేంద్ర బలాన్నీ, కొరియోలిస్ బలాన్నీ విడిగా కలపాలి. ఆ ఎత్తు దాటే క్షణంలో వేగం ఒక చట్రం నుంచి మరో చట్రానికి మారుతుంది. ఆడేవాడికి ఏమీ తెలియకపోవడమే ఆ కోడ్ బాగా పనిచేసిందనడానికి గుర్తు.

తెర మీద గీసే విషయంలో ఇంకో చిట్టా ఉంది. నౌక మీది రివెట్ కనబడాలి, 60 వేల కిలోమీటర్ల అవతల గ్రహమూ కనబడాలి. ఏది ముందు, ఏది వెనక అని గుర్తుపెట్టుకునే డెప్త్ బఫర్‌కు ఇంత దూరాన్ని ఒకే కొలతలో ఇముడ్చుకునే సత్తా లేదు. అందుకని గ్రహాలన్నిటికీ 6,000 రెట్లు చిన్న నకళ్లు ఉంటాయి. 600 కిలోమీటర్ల కెర్బిన్ అక్కడ 100 మీటర్ల బంతి. ఒక కెమెరా ఆ బొమ్మల లోకాన్ని ముందు గీస్తుంది, దగ్గరి దృశ్యాన్ని గీసే కెమెరాలు దాని మీద గీస్తాయి. కక్ష్య నుంచి కిందికి దిగుతున్నప్పుడు నేల రంగు కొద్దిగా మారుతూ గట్లు, గుట్టలు మొలిచినట్టు అనిపిస్తుంది. బంతి మాసిపోతూ అసలు నేల తేలే క్షణం అదే. అసలు నేల ఒక ఘనాన్ని ఊది గోళంగా చేసినట్టు ఉంటుంది. ఆరు ముఖాల మీద పలకలు, దగ్గరికి వచ్చే కొద్దీ ఒక్కో పలక నాలుగుగా చీలుతుంది.

ఇక్కడ చిన్న విషయం ఒకటి, మోడ్‌లు రాసేవాళ్లకు బాగా పనికొచ్చేది. ఖగోళ శాస్త్ర సూత్రాల్లో పైదిశ జెడ్ అక్షం, యూనిటీలో వై అక్షం. కక్ష్యల లెక్క పాత శాస్త్రం పద్ధతిలోనే రాశారు కాబట్టి ఆ కోడ్ నుంచి వచ్చే వెక్టర్‌ను వాడే ముందు వై, జెడ్ తారుమారు చేయాలి. అందుకే వాళ్ల వెక్టర్ తరగతిలో ఎక్స్‌జెడ్‌వై అనే ప్రాపర్టీ ఉంది, కోడ్ నిండా అదే కనబడుతుంది. ఒక్కచోట మరిచిపోతే నౌక కక్ష్య తలం 90 డిగ్రీలు పక్కకు వాలినట్టు వస్తుంది.

పట్టాలెక్కిన నౌకలు

కెర్బిన్ నుంచి బయటి గ్రహాలకు ప్రయాణం గేమ్ కాలంలో ఏళ్లు పడుతుంది. ఆటగాడు అన్నేళ్లు కూర్చోలేడు కాబట్టి కాలాన్ని లక్ష రెట్ల వరకూ పరిగెత్తించే టైమ్ వార్ప్ ఉంది. దీని కింద ఉన్న లెక్క చాలా అందమైనది.

100 కిలోమీటర్ల ఎత్తున కెర్బిన్ చుట్టూ తిరిగే స్టేషన్ ఒక చుట్టుకు 1,958 సెకన్లు తీసుకుంటుంది. లక్ష రెట్ల వేగంలో 0.02 సెకన్ల అడుగు 2,000 సెకన్ల అడుగవుతుంది. అంటే ఒక్క అడుగులో స్టేషన్ పూర్తి చుట్టు దాటిపోయింది. గురుత్వాకర్షణ ఎంత, వేగం ఎంత మారింది, స్థానం ఎంత మారింది అని అడుగడుగునా కూడుకుంటూ పోయే మామూలు పద్ధతి ఇక్కడ పనికిరాదు. మొదటి అడుగులోనే స్టేషన్ కక్ష్య వదిలి ఎగిరిపోతుంది.

అందుకని కదలికను కూడడం మానేశారు. ఒకే గ్రహం ఆకర్షణలో ఉన్న వస్తువు దారి ఎప్పుడూ ఒక శాంకవం: వృత్తమో, దీర్ఘవృత్తమో, పరావలయమో, అతిపరావలయమో. ఆకారం ఒకసారి తెలిస్తే ఏ క్షణంలో ఎక్కడుందో కెప్లర్ సమీకరణం చెబుతుంది. నౌక అప్పుడు పట్టాలెక్కినట్టు. రేపటి స్థానమైనా, వెయ్యేళ్ల తర్వాతి స్థానమైనా ఒకే ఖర్చు.

సేవ్ ఫైల్ తెరిస్తే ఇది కళ్లారా కనబడుతుంది. గేమ్ ఫోల్డర్‌లో సేవ్స్ లోపల పర్సిస్టెంట్ అనే పేరుతో ఎస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తో తెరుచుకుంటుంది. ప్రతి నౌకకూ ఆర్బిట్ అనే ముక్క ఉంటుంది. అందులో ఎస్‌ఎంఏ అర్ధ దీర్ఘాక్షం, అంటే దీర్ఘవృత్తం పొడవులో సగం, మీటర్లలో. ఈసీసీ ఉత్కేంద్రత, అంటే కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పేది. ఐఎన్‌సీ కక్ష్య వాలు. ఎల్‌పీఈ, ఎల్‌ఏఎన్ ఆ దీర్ఘవృత్తం ఎటు తిరిగి ఉందో చెప్పే కోణాలు. ఎంఎన్‌ఏ, ఈపీహెచ్ రెండూ కలిసి నౌక ఏ సమయానికి ఎక్కడుందో చెబుతాయి. ఆర్‌ఈఎఫ్ ఏ గ్రహం చుట్టూ అన్నది: సూర్యుడు 0, కెర్బిన్ 1, మున్ 2. ఈ ఎనిమిది సంఖ్యలే నౌక ప్రయాణమంతా. ఫైల్‌కు నకలు తీసుకుని ఎస్‌ఎంఏ 700000, ఈసీసీ 0, ఆర్‌ఈఎఫ్ 1 అని రాసి గేమ్ తెరిస్తే అంతరిక్షంలో ఎక్కడో ఉన్న నౌక కెర్బిన్ మీద 100 కిలోమీటర్ల వృత్తంలో తేలుతుంది. గ్రహ కేంద్రం నుంచి కొలుస్తారు కాబట్టి 600కు 100 కలిపి 700 వేయాలి. అది మరిచిపోయి 100000 అని రాస్తే నౌక గ్రహం పొట్టలో పుడుతుంది.

కెప్లర్ సమీకరణానికి నేరుగా జవాబు రాసే సూత్రం లేదు. ఊహించి సరిదిద్దుకుంటూ పోవాలి. గడిచిన సమయాన్ని కోణంగా మార్చినది ఒక రేడియన్, ఉత్కేంద్రత 0.5 అనుకుందాం. ఏ కోణం నుంచి దాని సైన్‌లో సగం తీసేస్తే 1 వస్తుందో కనుక్కోవాలి. మొదటి ఊహ 1.4207. న్యూటన్ పద్ధతిలో ఒకసారి సరిదిద్దితే 1.5003, ఇంకోసారికి 1.4987, ఆపై నాలుగో దశాంశం కదలదు. రెండే రెండు సవరణలు. ఇబ్బంది వచ్చేది ఉత్కేంద్రత 1కి అతి దగ్గరగా ఉన్నప్పుడు. దీర్ఘవృత్తానికి ఒక సూత్రం, అతిపరావలయానికి ఇంకోటి, ఆ సరిహద్దు మీద రెండూ తడబడతాయి, సవరణలు ఎక్కడికో దూకుతాయి. ఉత్కేంద్రత సున్నాకు దగ్గరైతే వేరే చిక్కు. వృత్తంలో అతి దగ్గరి బిందువు ఎక్కడుంటుంది? ఎక్కడైనా ఉన్నట్టే. కక్ష్యను బాగా గుండ్రంగా సరిచేశాక మ్యాప్‌లో ఆ అతి దగ్గరి బిందువును చూపే పెరియాప్సిస్ గుర్తు కక్ష్య చుట్టూ పరుగెడుతుంటే చాలామంది బగ్ అనుకుంటారు. అది గణితంలోనే ఉంది.

పట్టాలెక్కిన నౌక గురించి గేమ్ గుర్తుపెట్టుకునేది కేంద్రం కదలిక ఒక్కటే. అది తిరుగుతోందా, వణుకుతోందా అన్నది మరిచిపోతుంది. అందుకే అదుపు తప్పి గిరగిరా తిరిగే నౌకను టైమ్ వార్ప్‌లోకి ఒక్క క్షణం పంపి వెనక్కి తెస్తే టక్కున నిలబడిపోతుంది. ఇంధనం అయిపోయి తిరుగుడు ఆపలేని నౌకకు ఇదే మందు. ఎదుటి నౌకకు డాకింగ్ చేయబోతే, అంటే మన నౌకను తగిలించబోతే, అది మెల్లగా తిరుగుతున్నా ఇదే పనిచేస్తుంది.

పట్టాల మీద గాలి కూడా ఉండదు. కెర్బిన్ వాతావరణం 70 కిలోమీటర్ల ఎత్తు వరకూ ఉంది. విడిచిన రాకెట్ దశ ఒకటి 40 కిలోమీటర్ల దాకా దిగి మళ్లీ పైకి వెళ్లే కక్ష్యలో ఉంటే, మనం దగ్గర లేనంత కాలం దానికి గాలి తగలదు, ఎన్నేళ్లైనా తిరుగుతూనే ఉంటుంది. సుమారు 25 కిలోమీటర్ల కిందికి దిగిందంటే గేమ్ దాన్ని నేరుగా తుడిచేస్తుంది, పారాచూట్ ఉన్నా లాభం లేదు. శకలాలు పేరుకోకూడదంటే దశను విడిచేటప్పుడే పెరియాప్సిస్ 20 కిలోమీటర్ల లోపు ఉండేలా చూసుకోవాలి.

ఎవరి ఆకర్షణ ఎవరికి

కెప్లర్ లెక్క నడవాలంటే నౌకను లాగేది ఒక్కరే ఉండాలి. కెర్బిన్, మున్, సూర్యుడు ముగ్గురూ లాగితే దారికి సూత్రం ఉండదు. అందుకని ప్రతి గోళానికీ ఒక ప్రభావ పరిధి గీశారు. పరిధిలో ఉన్నంతసేపు ఆ గోళం ఒక్కటే లాగుతుంది, మిగతావి లేనట్టే. ఈ పద్ధతిని ప్యాచ్డ్ కానిక్స్ అంటారు. అంతరిక్ష సంస్థలు కూడా ప్రయాణానికి తొలి అంచనా వేయడానికి వాడే పాత పద్ధతే.

పరిధి ఎంతో నిర్ణయించే సూత్రం సులువు: కక్ష్య వ్యాసార్ధాన్ని ద్రవ్యరాశుల నిష్పత్తికి 2/5 ఘాతంతో గుణించాలి. మున్ ద్రవ్యరాశి కెర్బిన్‌లో 0.01844 వంతు. దాని 2/5 ఘాతం 0.2025. 12,000 కిలోమీటర్లతో గుణిస్తే సుమారు 2,430 కిలోమీటర్లు. గేమ్‌లో మున్ పరిధి అదే. కెర్బిన్ పరిధి 84,159 కిలోమీటర్లు.

ఇందులో ఏం పోతుందో చెప్పుకోవాలి. భూమి, సూర్యుడు ఇద్దరి లాగుడూ కలిసి తూగే లగ్రాంజ్ బిందువులు ఈ గేమ్‌లో లేనే లేవు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 చుట్టూ కక్ష్యలోకి చేరింది. ఆ యాత్రను ఇక్కడ ఆడదామంటే కుదరదు. ఆ చోట నౌకను పెడితే ఒక్క సూర్యుడికే లోబడి మెల్లగా కెర్బిన్‌ను వదిలిపోతుంది. కావాలంటే ప్రిన్సిపియా అనే మోడ్ ఉంది, అన్ని గోళాల ఆకర్షణనూ కలిపి లెక్కకడుతుంది. ఆర్బిటర్ అనే ఉచిత సిమ్యులేటర్‌ను మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేశారు, 2021లో దాని కోడ్‌నూ బయటపెట్టారు. అందులో ఎన్నో గోళాల ఆకర్షణ లెక్కలో ఉంది. అయితే అక్కడ నౌక అంటే వందల ముక్కల అతుకుల బొంత కాదు. ఎవరు ఏది ముఖ్యమనుకున్నారో ఈ రెండు నిర్ణయాల్లో తెలుస్తుంది. కొత్తగా ఆడేవాడికి మ్యాప్‌లో నౌక దారిని చూపే నీలి గీత ఒకటి కనబడి, ఇంజిన్ ముట్టించకపోతే నౌక ఆ గీత మీదే పోతుందన్న భరోసా ఉండడమే ఇంతమందికి కక్ష్యల సంగతి నేర్పింది. మూడు ఆకర్షణల లెక్కలో ఆ గీత రోజురోజుకూ మారుతుండేది. నా దృష్టిలో స్క్వాడ్ తీసుకున్న నిర్ణయాల్లో ఇదే గొప్పది.

పరిధి దాటే క్షణం మాత్రం సున్నితమైనది. సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో వెళ్తున్న నౌక లక్ష రెట్ల వార్ప్‌లో ఒక్క అడుగుకు 2,000 కిలోమీటర్లు దూకుతుంది. మున్ పరిధి 2,430 అని గుర్తుంచుకోండి. దాటే క్షణాన్ని గేమ్ ముందే లెక్కకట్టి పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. అయినా అడుగు ఇంత పెద్దదైతే లోపలికి చాలా దూరం వచ్చాక మలుపు తీసుకునే ప్రమాదం ఉంది, అప్పుడు పెరియాప్సిస్ అనుకున్న చోట ఉండదు. పరిధి సరిహద్దుకు ముందు వార్ప్‌ను 50 రెట్లకు దించుకుని దాటడం మంచి అలవాటు.

స్ప్రింగులతో కట్టిన రాకెట్

నౌకలోని ప్రతి పెద్ద భాగమూ ఫిజిక్స్ ఇంజిన్‌కు ఒక విడి వస్తువు. భాగాలన్నీ చెట్టు ఆకారంలో అల్లుకుంటాయి. ఒక భాగం చెట్టు వేరులాంటిది, మిగతావి కొమ్మలు, ఒక్కో భాగానికి ఒక్క తల్లి. తల్లికీ పిల్లకూ మధ్య జాయింట్. ఫిజిక్స్ ఇంజిన్ ఒక్కో అడుగులో ఈ జాయింట్లన్నిటినీ వరుసగా కొన్ని సార్లు సరిదిద్దుకుంటూ పోతుంది. ఒకటి సరిచేస్తే పక్కది చెదురుతుంది. పొట్టి రాకెట్‌లో ఆ కొన్ని సార్లు చాలు. ముప్పై భాగాల పొడుగు గొలుసులో కింది తోపు పైదాకా చేరేలోపే అడుగు అయిపోతుంది, మిగిలిన తప్పు వంపుగా కనబడుతుంది. అందుకే పొడుగు రాకెట్లు ఉడికిన సేమ్యాలా ఊగుతాయి. దశలను విడదీసే సన్నటి డికప్లర్ మీద బరువైన ట్యాంకు పెడితే ఇంకా ఘోరం. తేలిక భాగం మధ్యలో ఇరుక్కుని అటూ ఇటూ దూకుతుంది.

విరుగుడు స్ట్రట్. చెట్టులో దూరంగా ఉన్న రెండు కొమ్మల మధ్య అదనపు జాయింట్ అది. 2016లో వచ్చిన 1.2 వెర్షన్‌లో ఆటోస్ట్రట్ పెట్టారు. కనబడని స్ట్రట్‌ను తాతకో (తల్లి భాగానికి తల్లి), చెట్టుకు వేరులాంటి భాగానికో, అన్నిటికన్నా బరువైన భాగానికో కట్టుకోవచ్చు. బరువైన దానికి కట్టడంలో ఒక చిక్కుంది. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ, లేదా డాకింగ్ చేశాక, బరువైన భాగం ఏదన్నది మారిపోతుంది. స్ట్రట్లన్నీ కొత్త చోటికి మారతాయి, ఆ క్షణంలో నౌక వంగి ఉంటే ఆ వంపే గట్టిపడుతుంది. స్టేషన్లు వణకడం మొదలుపెట్టాయంటే ముందు చూడాల్సింది ఇదే. డాకింగ్ చేసే నౌకల్లో తాతకు కట్టడం మేలు.

గాలి లెక్క కథ వేరు. 1.0కి ముందు ఒక్కో భాగానికి గాలి తాకిడిని దాని బరువును బట్టి లెక్కకట్టేవారు. రాకెట్ ముక్కుకు కోసు టోపీ పెడితే బరువు పెరిగింది కాబట్టి తాకిడి కూడా పెరిగేది. 1.0లో డ్రాగ్ క్యూబ్‌లు వచ్చాయి. గేమ్ లోడయ్యేటప్పుడు ఒక్కో భాగాన్ని ఆరు దిక్కుల నుంచి ఫొటో తీసినట్టు గీసి, ప్రతి వైపూ ఎంత వైశాల్యం, ఎంత కోసుగా ఉంది అన్నది ఒక ఫైల్‌లో దాచుకుంటుంది. ఎగిరేటప్పుడు ఆ ఆరు సంఖ్యల నుంచి ఏ కోణానికైనా తాకిడి తీస్తుంది. ఒకదాని మీద ఒకటి అతికించిన భాగాలు ఒకదాని ముఖాన్ని ఒకటి కప్పేస్తాయి, అంత వైశాల్యం తగ్గిస్తుంది. ఇక్కడ మోసపోయేది ఇలా: ఒక పరికరాన్ని ట్యాంకు గోడకు అతికించి, లోపలికి జరిపి దాచేస్తే కంటికి కనబడదు, గాలికి మాత్రం కనబడుతుంది. కప్పుడు లెక్క అతుకు బిందువుల మీద నడుస్తుంది, బొమ్మ మీద కాదు. నిజంగా దాచాలంటే రాకెట్ ముక్కు తొడుగైన ఫెయిరింగ్‌లోనో, తలుపులు మూసిన సర్వీస్ బే అనే పెట్టెలోనో పెట్టాలి.

పట్టాల లోకానికీ స్ప్రింగుల లోకానికీ మధ్య గుమ్మం ఒకటుంది. కక్ష్యలో ఇంకో నౌక 2.25 కిలోమీటర్ల దూరానికి వస్తే దాని భాగాలు తెర మీదికి వస్తాయి, 200 మీటర్లకు వస్తే దానికి ఫిజిక్స్ మొదలవుతుంది. దూరం జరిగేటప్పుడు 350 మీటర్ల దగ్గర మళ్లీ పట్టాలెక్కుతుంది. రావడానికి ఒక హద్దు, పోవడానికి ఒక హద్దు వేరుగా పెట్టడం వల్ల సరిహద్దు మీద ఊగే నౌక గుమ్మంలో లోపలికీ బయటికీ తిరగదు. నేల మీద దిగిన స్థావరాలకు ఈ గుమ్మం ఇంకా కష్టం. నౌకను అక్షాంశం, రేఖాంశం, ఎత్తుతో గుర్తుపెట్టుకుంటారు. తిరిగి వచ్చేసరికి సెట్టింగులలో నేల వివరం మార్చి ఉంటే, లేదా నేల గీసే కోడ్ మారి ఉంటే, కాళ్లు నేలలో కొన్ని సెంటీమీటర్లు కూరుకుని పుడతాయి, ఇంజిన్ వాటిని బయటికి విసిరేస్తుంది. అందుకని తర్వాతి వెర్షన్లలో గురుత్వాన్ని ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెంచుతూ నౌకను నేల మీదికి దించుతారు. స్థావరం కట్టేవాళ్లు నేల వివరం సెట్టింగ్‌ను మధ్యలో మార్చకపోవడం మంచిది.

ఇక గడియారం. తెర పైన ఎడమవైపు గేమ్ సమయం ఆకుపచ్చ అంకెల్లో ఉంటుంది. భాగాలు వందలకు చేరితే ప్రాసెసర్ సెకనుకు 50 అడుగులు వేయలేదు, అంకెలు పసుపు రంగుకు మారతాయి. అప్పుడు రెండు దారులున్నాయి: అడుగు పొడుగు చేసి గడియారాన్ని అందుకోవడం, లేదా అడుగు అలాగే ఉంచి గడియారాన్ని నెమ్మది చేయడం. ఈ గేమ్ రెండోది ఎంచుకుంది. సెట్టింగులలో ఒక ఫ్రేముకు గరిష్ఠ ఫిజిక్స్ సమయం 0.04 సెకన్లు అని ఉంటే ఫ్రేముకు రెండు అడుగులకు మించి వేయదు. సెకనుకు పది ఫ్రేములే వస్తుంటే గేమ్‌లో ఒక సెకను గడవడానికి మనకు రెండున్నర సెకన్లు పడుతుంది, కానీ జాయింట్లకు అడుగు 0.02 సెకన్లే. రాకెట్ నిదానంగా ఎగురుతుంది, విరగదు. ఈ నియమాన్ని మనమే చెరిపేసేది గాలిలో ఎగురుతూ, పట్టాలెక్కకుండానే కాలాన్ని పరిగెత్తించే ఫిజిక్స్ వార్ప్‌ను 4 రెట్లకు పెట్టినప్పుడు. అప్పుడు అడుగు 0.08 సెకన్లవుతుంది, మామూలుగా నిలబడే పొడుగు రాకెట్ అక్కడ మధ్యకు విరుగుతుంది. 2 రెట్లు పెట్టి చూడండి. అప్పటికీ ఊగితే వార్ప్ తీసేసి పైకి చేరేదాకా మామూలు వేగంలోనే ఉంచండి.